రెండు ఫోటోలు, ఒకే చీటీ

ఎక్స్‌రేను మా పాలమూరు పల్లెల్లో ఇప్పటికీ ఫోటో అనే అంటారు. దమ్ము వస్తోందని దవాఖానకు పోతే ఛాతీ ఫోటో తీస్తారు, చీటీ రాస్తారు. చీటీ మీద ఏముంటుందో చదువు రానివాళ్లు కూడా చెప్పేస్తారు, టీబీ అని. అలాంటి రెండు ఫోటోలను పక్కపక్కన పెట్టి చూద్దామని ఈ ప్రయత్నం. రెండింటిలోనూ ఊపిరితిత్తుల నిండా తెల్లటి రవ్వలే. రెండింటిలోనూ లోపల ఉన్నది ఒక రకంగా రాయే. ఒకదాంట్లో రాయి బయటి నుంచి వచ్చింది. రెండోదాంట్లో ఒళ్లే దాన్ని తయారుచేసుకుంది.

మొదటిది సిలికోసిస్. షాద్‌నగర్ పక్కన, ఫరూఖ్‌నగర్ మండలంలో ఎలికట్ట అనే ఊరుంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాది, 2016 విభజనలో రంగారెడ్డి కిందికి పోయింది. పలుగురాళ్లను పిండి చేసే మిల్లుల్లో పనిచేసినవాళ్లు దమ్ముతో మంచాన పడి చనిపోయిన ఊరుగా అది పత్రికలకెక్కింది. పలుగురాయి అంటే దాదాపు అంతా సిలికాయే. కంటికి కనిపించేంత దుమ్మును ముక్కూ గొంతూ ఆపుకుంటాయి. కనిపించనంత సన్నటి పొడి మాత్రం ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతుంది. దాన్ని మింగిన కణాలు జీర్ణం చేసుకోలేక చస్తాయి. ఆ చోట మచ్చ కడుతుంది, మచ్చ గట్టిపడి ముద్దవుతుంది. పని మానేసినా జబ్బు ఆగదు. సిలికా దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల్లో టీబీ కూడా సులువుగా పాగా వేస్తుంది. అందుకే చీటీ మీద టీబీ అని రాసిన డాక్టరుది పూర్తిగా తప్పనీ అనలేం.

రెండోదాని పేరు పలకడమే కష్టం: పల్మనరీ ఆల్వియోలార్ మైక్రోలిథయాసిస్. దీన్ని 1918లో నార్వేకు చెందిన హార్బిట్జ్ వర్ణించాడు. 1933లో పూర్ అనే వైద్యుడు ఈ పేరు పెట్టాడు. ఊపిరితిత్తుల లోపల పల్చటి పూత ఒకటి ఉంటుంది, గాలిగదులు అతుక్కుపోకుండా కాపాడేది అదే. ఆ పూత పాతబడి విరిగినప్పుడు ఫాస్ఫేట్ బయటపడుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు లోపలికి తోడేసే ఒక ప్రొటీన్ ఉంది. ఆ ప్రొటీన్‌కు సంబంధించిన ఎస్ఎల్‌సీ34ఏ2 అనే జన్యువు అమ్మ నుంచి వచ్చిన ప్రతిలోనూ నాన్న నుంచి వచ్చిన ప్రతిలోనూ చెడితే, ఫాస్ఫేట్ అక్కడే కాల్షియంతో కలిసి రవ్వలు కడుతుంది. ఏళ్ల తరబడి కడుతూనే ఉంటుంది. ఈ ఫోటోను డాక్టర్లు ఇసుక తుఫానుతో పోలుస్తారు. విచిత్రమేమిటంటే ఫోటో చూస్తే గుండె ఝల్లుమంటుంది, మనిషి మాత్రం చాలాకాలం మామూలుగానే తిరుగుతుంటాడు. ప్రపంచమంతా గాలించి 2014 చివరిదాకా లెక్కకెక్కించిన కేసులు 1022. ఎక్కువ కేసులు వచ్చిన దేశాల్లో టర్కీ, చైనా, జపాన్‌లతో పాటు మన దేశమూ ఉంది. ఇక్కడ ఈ జబ్బున్నవాళ్లు కూడా ముందు టీబీ బిళ్లలు మింగవలసి రావడం వైద్య పత్రికల్లో మళ్లీ మళ్లీ కనిపించే కథ.

ఒకటి పేదవాడి పని తెచ్చిన జబ్బు, ఇంకొకటి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఈ రెండింటినీ పోల్చడమేమిటని ఎవరైనా అడగవచ్చు. ఒక జబ్బు మీద పరిశోధనకు డబ్బు ఎలా కూడుతుంది, కూడిన డబ్బు ఎక్కడ ఆగిపోతుంది అనేవి ఈ రెండింటినీ కలిపి చూస్తేనే బయటపడతాయి. ‘అరుదైన’ అనే మాటకు అర్థమేమిటో కూడా అప్పుడే తెలుస్తుంది.

జన్యువు దొరకడానికి పెద్ద డబ్బు అక్కర్లేదని ఆ రెండో జబ్బే రుజువు. 2006, 2007లలో టర్కీ, జపాన్ బృందాలు విడివిడిగా ఆ జన్యువును పట్టుకున్నాయి. చేతిలో ఉన్నది గుప్పెడుమంది రోగులే. దగ్గరి సంబంధాల పెళ్లిళ్లు జరిగిన కుటుంబాల్లో తల్లి వైపు, తండ్రి వైపు జన్యుపటాలు ఎక్కడ ఒకేలా ఉన్నాయో వెతికితే చాలు, చెడిన జన్యువు ఆ ముక్కలోనే ఎక్కడో ఉంటుంది. మేనరికాలు మామూలైన మన పల్లెలకు ఈ పద్ధతి అతికినట్టు సరిపోతుంది. జన్యువు దొరికి ఇరవై ఏళ్లు కావస్తోంది. మందు మాత్రం ఇంకా లేదు, ముదిరితే ఊపిరితిత్తుల మార్పిడి ఒక్కటే దారి. అసలు కష్టం ఆవిష్కరణ తరువాతే మొదలవుతుందన్నమాట.

ఇంకో అరుదైన ఊపిరితిత్తుల జబ్బుకు అలా జరగలేదు. లామ్ అని పొట్టిపేరుతో పిలిచే జబ్బు దాదాపు ఆడవాళ్లకే వస్తుంది. ఊపిరితిత్తుల్లో తిత్తులు ఏర్పడి, ఉన్నట్టుండి పగిలి, ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. తన కూతురికి ఈ జబ్బని తెలిశాక స్యూ బర్న్స్ అనే అమెరికన్ తల్లి 1995లో లామ్ ఫౌండేషన్ పెట్టింది. ఆ ఫౌండేషన్ మొదట చేసిన పని మందు వెతకడం కాదు, రోగులను వెతకడం. ఎక్కడెక్కడో ఒక్కొక్కరుగా ఉన్న ఆడవాళ్లను ఒక పట్టికలోకి తెచ్చి, వాళ్ల కణజాలాన్ని అడిగిన పరిశోధకులకు అందేలా చేసింది. 2000లో ఈ జబ్బులో టీఎస్‌సీ2 జన్యువు చెడిందని తేలింది. ఆ జన్యువు చెడితే కణంలో ఒక మీట తెరిచే ఉండిపోతుందని ఆ తరువాత రెండేళ్లలో తేలింది. ఆ మీటను మూసే మందు, సిరోలిమస్, మూత్రపిండాల మార్పిడి చేయించుకున్నవాళ్ల కోసం 1999 నుంచే బజారులో ఉంది. ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీసింది మాంట్రియల్‌లో పనిచేసిన సురేంద్రనాథ్ సెహగల్. కంపెనీ ఆసక్తి వదిలేసిన రోజుల్లో ఆ జీవిని ఆయన తన ఇంటి ఫ్రీజర్‌లో దాచుకున్నాడు. దాన్ని చచ్చిపోనిచ్చి ఉంటే ఈ కథే లేదు. ప్రభుత్వ డబ్బూ ఫౌండేషన్ డబ్బూ కలిపి అమెరికా, కెనడా, జపాన్‌లలో 89 మంది మీద పరీక్ష నడిపారు. 2011లో ఫలితం వచ్చింది, 2015లో లామ్‌కు మందుగా అనుమతి వచ్చింది.

89 మంది అంటే మన దగ్గర పెళ్లికి పోయే ఒక బస్సు, ఒక జీపు. ఏ ఒక్క దేశమూ ఒంటరిగా ఆ బస్సు నింపలేదు. అరుదైన జబ్బుల పరిశోధనలో సహకారం అనే మాట మర్యాదకు వాడేది కాదు, లెక్క కోసం వాడేది. ఒక జిల్లాలో ఒక కుటుంబంలో కనిపించిన జన్యులోపం అర్థం లేని అక్షరదోషం కూడా కావచ్చు. వేరే ఖండంలో అదే జబ్బున్న రెండో కుటుంబంలో అదే దోషం కనిపిస్తే అది సాక్ష్యమవుతుంది. ఆ రెండో కుటుంబాన్ని వెతికిపెట్టేవాడికి జీతం ఎవరిస్తారన్నదే ప్రశ్న.

ఫౌండేషన్ల కథ అంతా ఇంత తేటగా లేదు. ఊపిరితిత్తులను దెబ్బతీసే జన్యుజబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్ చూడండి. ఈ జబ్బు కోసం 1955లో పుట్టిన అమెరికన్ ఫౌండేషన్ చందాలతో రోగుల పట్టిక నడిపింది, 1989లో జన్యువు దొరికాక పరిశోధనను ముందుకు తోసింది. 2000 నుంచి ఒక మందుల కంపెనీకి, దాన్ని తరువాత కొన్న వెర్టెక్స్‌కు సుమారు 15 కోట్ల డాలర్లు పెట్టుబడిగా ఇచ్చింది. 2012లో మొదటి మందు వచ్చింది. 2014లో ఆ మందుల మీద తన రాబడి హక్కును 330 కోట్ల డాలర్లకు అమ్ముకుంది. చందా డబ్బు మందుగా మారడం, ఆ మందు మళ్లీ డబ్బుగా మారడం వైద్య చరిత్రలో అరుదు. ఆ మందు ధర ఏడాదికి మూడు లక్షల డాలర్లకు దగ్గరగా ఉండటం మాత్రం, పాపం, అరుదు కాదు. చందా ఇచ్చిన ఇంటికే ఆ మందు కొనే స్తోమత లేకపోయింది. 2023లో దక్షిణాఫ్రికా, బ్రెజిల్, ఉక్రెయిన్‌లతో పాటు మన దేశంలోనూ రోగుల కుటుంబాలు ఈ మందుల పేటెంట్ల మీద గొంతెత్తవలసి వచ్చింది.

ఇందులో తక్కువగా మాట్లాడుకునే ఇంకో పేచీ ఉంది. యూరప్ మూలాలవాళ్లలో ఈ జబ్బుకు ప్రధాన కారణం ఒకే ఒక లోపం, చెడిన జన్యుప్రతుల్లో సుమారు 70 శాతం దానివే. కొత్త మందుల కూర్పు ఆ లోపాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది. మన రోగుల్లో దాని వాటా అంతకంటే చాలా తక్కువ. ఎవరి చందాతో పట్టిక తయారైందో వాళ్ల జన్యువుకే మందు సరిపోయింది. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. మన పట్టిక మనం రాసుకోలేదు.

లామ్, సిస్టిక్ ఫైబ్రోసిస్ రెండింటిలో నాకు మొదటిదే ఎక్కువ నచ్చుతుంది. ధర ఒక్కటే కారణం కాదు. రోగులను ఒకచోటికి చేర్చి, జన్యువును చదివి, ఉన్న మందుల్లోంచే ఒకదాన్ని ఎంచుకున్నారు. లామ్ కోసం కట్టిన ఆ ఏర్పాటు కూడా లామ్ దగ్గరే ఆగిపోలేదు. ఆ పరీక్షను నడిపిన సిన్సినాటి బృందమే తరువాత మన రెండో ఫోటోలోని రాళ్ల జబ్బునూ చేతికి తీసుకుంది. ఫాస్ఫేట్ తక్కువగా ఉన్న తిండి పెడితే ఎలుకల ఊపిరితిత్తుల్లో రవ్వలు తగ్గుతున్నాయని 2015లో చూపించింది. ఒక జబ్బుకు వేసిన బాట మీద ఇంకో జబ్బు కూడా నడిచింది.

ఇక మన ఇంటికొద్దాం. 2021 మార్చిలో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానాన్ని విమర్శకుడిగా చదివితే దాని నిజాయితీ ముందు ఆకట్టుకుంటుంది. అమెరికాలో రెండు లక్షల మంది కంటే తక్కువమందికి వచ్చేది అరుదైన జబ్బు. యూరప్‌లో పదివేల మందిలో ఐదుగురు హద్దు. మన విధానం మాత్రం దేశంలో తగిన లెక్కలు లేవు కాబట్టి నిర్వచనం ఇవ్వలేమని ఒప్పుకుంటుంది. ఇంత కీలకమైన ఒప్పుకోలు తరువాత వచ్చే పేజీలు లెక్కలు పోగుచేయడం మీద ఉండాలని ఎవరైనా అనుకుంటారు. కానీ దస్తావేజు బరువంతా చికిత్స ఖర్చు మీదే పడింది. జబ్బులను మూడు వర్గాలుగా విడగొట్టింది: ఒక్కసారి చికిత్సతో నయమయ్యేవి, తక్కువ ఖర్చుతో ఏళ్ల తరబడి సాగేవి, భరించలేనంత ఖర్చుతో జీవితాంతం సాగేవి. సిస్టిక్ ఫైబ్రోసిస్ మూడోదాంట్లో ఉంది. మొదట్లో ఒక్క వర్గానికే 20 లక్షల సాయం అన్నారు. 2022 మేలో అన్ని వర్గాలకూ 50 లక్షల దాకా అని మార్చారు. హైదరాబాద్‌లో డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిపి ఒక ప్రత్యేక కేంద్రం. మిగిలిన ఖర్చుకు చందాల వెబ్‌సైటు. అమెరికాలో చందాను పట్టిక రాయడానికి వాడారు, ఇక్కడ ఆసుపత్రి బిల్లుకు అడుగుతున్నారు.

పరిశోధనకు డబ్బు అసలు రాలేదంటే అన్యాయం. పిల్లల్లో వచ్చే అరుదైన జన్యువ్యాధుల కోసం బయోటెక్నాలజీ విభాగం డబ్బుతో సీడీఎఫ్‌డీ దేశంలోని అనేక కేంద్రాలను కలిపి ఒక మిషన్ నడుపుతోంది. సీఎస్ఐఆర్ వాళ్ల గార్డియన్ అనే కూటమి డాక్టర్లనూ జన్యుశాస్త్రవేత్తలనూ కలిపింది. 2020లో మొదలైన జీనోమ్ ఇండియా 80కి పైగా సమూహాల నుంచి పదివేల మంది జన్యుపటాలు చదివి 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచింది. ఈ పదివేలమందీ రోగులు కారు. మామూలు మనుషుల్లో ఏది మామూలో చెప్పే నిఘంటువు అది. నిఘంటువు లేకుండా ఏ వాక్యాన్నీ చదవలేం, నిజమే. చదవవలసిన వాక్యం మాత్రం పాలమూరు దవాఖాన ఓపీలో కూర్చుని ఉంది.

మన సమూహాల్లో ఈ రకం లోపాలు పేరుకుని ఉంటాయన్నది ఊహ కాదు. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన రైక్ బృందాలు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహాల్లో 81 ఫిన్‌లాండ్ ప్రజల కంటే, అష్కెనాజీ యూదుల కంటే కూడా గట్టిగా కొద్దిమంది పూర్వీకుల వారసత్వం మోస్తున్నాయని తేలింది. ఫిన్‌లాండ్ ఆ వారసత్వాన్ని ఆయుధంగా మార్చుకుని డజన్ల కొద్దీ జబ్బుల జన్యువులను పట్టుకుంది. మన వైశ్యుల విషయంలో మత్తుమందు ఇచ్చేటప్పుడు కొందరికి కండరాలు త్వరగా తేరుకోవని మత్తు డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు. జన్యువు చదవకముందే సామాజిక వర్గం పేరు అడిగి జాగ్రత్తపడే అలవాటు వచ్చింది. ఎంత అసహ్యంగా వినిపించినా, అది మన మొదటి జన్యుపట్టిక. అమ్రాబాద్ పీఠభూమి చెంచుల మీద 1943లోనే మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పుస్తకం వచ్చింది. 2003లో వాళ్ల డీఎన్ఏ మనిషి వలసల చరిత్రకు సాక్ష్యంగా అంతర్జాతీయ పత్రికకెక్కింది. ఎక్కడి నుంచి వచ్చారన్నది తెలుసుకోవడానికి వాళ్ల నమూనా ప్రపంచం చుట్టివచ్చింది. వాళ్ల దగ్గు ఎందుకొస్తోందన్నది కనుక్కోవడానికి అంత దూరం పోనక్కర్లేదు.

నమూనా పోయిన దారిలోనే జవాబు తిరిగి రాకపోతే ఏమవుతుందో నల్లగొండను అడగాలి. ఆ జిల్లా ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ రాసిన పత్రం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో కుర్రవాళ్ల మోకాళ్లు వంకరపోవడాన్ని లాన్సెట్‌లో వర్ణించారు. 1970ల మధ్యలో నాగపూర్ నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్లతో నీళ్లను తేర్చే విధానం రూపొందించి దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. ఆ పేరు టాంజానియా, ఇథియోపియాల దాకా పోయింది. నల్లగొండలో నీళ్లు మాత్రం మారలేదు. పటిక రోజూ కలపాలి, అడుగున చేరిన మడ్డి తీసేయాలి, ఆ పని చేసే మనిషికి నెలనెలా జీతం ఇవ్వాలి. జీతం పద్దు పరిశోధన పద్దులో ఉండదు. చివరికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీకి దిగి బ్యాలెట్ కాగితాన్ని పుస్తకంగా మార్చి దేశానికి చూపించవలసి వచ్చింది. ఇంటింటికీ నల్లా నీళ్ల పథకానికి 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ వేశారు. మొదటి పత్రం అచ్చయిన తరువాత అరవై ఏళ్లకు!

సిలికోసిస్‌ది అంతకంటే మొండి కథ. కారణం తెలుసు, ఆపడమెలాగో తెలుసు. నీళ్లు చల్లుతూ దంచాలి, దుమ్మును పీల్చే యంత్రం పెట్టాలి. చట్టం ప్రకారం ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన జబ్బుల జాబితాలో ఇది ఉంది. హాజరు పట్టీలో పేరే లేని కూలీకి ఆ చట్టం వర్తించేదెలా? గుంపు మేస్త్రి వెంట ఊళ్లు తిరిగే పాలమూరు కూలీ ఏ ఏడు ఏ దుమ్ము పీల్చాడో రాసిపెట్టేవాడు లేడు. రాజస్థాన్ 2019లో ఒక విధానం తెచ్చి, జబ్బు ధ్రువపడితే మూడు లక్షలు, చనిపోతే కుటుంబానికి ఇంకో రెండు లక్షలు అని రాసింది. గనులను వదిలి సాయాన్ని పట్టుకుందని విమర్శించవచ్చు. కనీసం రోగి పేరు ఒక పుస్తకంలోకి ఎక్కింది.

‘అరుదైన’ అనే మాట ఇక్కడికొచ్చేసరికి తలకిందులవుతుంది. 89 మంది లామ్ రోగులకు పట్టిక ఉంది కాబట్టి ప్రపంచం దృష్టిలో వాళ్లున్నారు. అంతకు ఎన్నో రెట్లున్న పలుగురాళ్ల కూలీలు పట్టికలో లేరు కాబట్టి లేనట్టే. జన్యువులు చదవడం సంపన్నుల సరదా అని ఈ మాటతో కొట్టిపారేయలేం. ఒకే మిల్లులో ఒకే దుమ్ము పీల్చిన ఇద్దరిలో ఒకడు ఐదేళ్లకే కూలిపోతాడు, ఇంకొకడు ఇరవై ఏళ్లు లాగుతాడు. తేడా దుమ్ము మోతాదులో ఎంత, ఒంట్లో ఎంత? ఒకే బావి నీళ్లు తాగిన ఇద్దరన్నదమ్ముల్లో ఒకడి కాళ్లే ఎందుకు వంగాయి? ఇవి జన్యుశాస్త్రం అడగదగ్గ ప్రశ్నలే. దుమ్మును వదిలేసి వీటినే అడిగితే మాత్రం, జబ్బుకు బాధ్యత మిల్లు యజమాని మీద నుంచి కూలీ నెత్తురు మీదికి జారుతుంది. అందుకే ఇలాంటి పరిశోధనకు డబ్బిచ్చేవాళ్లు దుమ్ము కొలిచే పరికరానికీ అదే సంతకంతో డబ్బివ్వాలంటాను.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. కోతకూ కుట్టుకూ ప్యాకేజీ కట్టి డబ్బివ్వడంలో ఆ పథకం గొప్ప పని చేసింది. 2023 డిసెంబర్‌లో పరిమితి పది లక్షలైంది. జబ్బేమిటో తేలని రోగికి మాత్రం ప్యాకేజీ ఉండదు. అతను పాలమూరు నుంచి ఎర్రగడ్డ ఛాతీ దవాఖానకు, అక్కడి నుంచి నిమ్స్‌కు బస్సు ఛార్జీలు పెట్టుకుని తిరుగుతాడు. ప్రతిచోటా కొత్త ఫోటో తీస్తారు. పాతది ఇంట్లో దూలానికి వేలాడుతుంటుంది.

మొదట్లో పక్కపక్కన పెట్టిన ఆ రెండు ఫోటోలను వేరు చేయడానికి జన్యుయంత్రం అక్కర్లేదు. తెమడ పరీక్షలో క్రిమి కనిపించక, టీబీ మందులకు లొంగని ప్రతి రోగినీ రెండు మాటలు అడిగితే సగం పని అయిపోతుంది: ఇంతకాలం ఏం పని చేసినవ్? మీ అమ్మానాన్నలది మేనరికమా? మొదటిదానికి మిల్లు అనో క్వారీ అనో చెబితే ఒక దారి. రెండోదానికి అవునంటే, పైగా తోబుట్టువుకూ ఇలాంటి ఫోటోయే ఉందంటే, నెత్తురు నమూనా సీడీఎఫ్‌డీకి పోవలసిన దారి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. ఉమ్మడి నల్లగొండలోని బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ఈ మూడింటిలో ఒక్కొక్క మనిషిని కూర్చోబెట్టి ఈ రెండు జవాబులూ రాయించాలి. ఆ మనిషి జీతం, రోగి బస్సు ఛార్జీ, నమూనా ఫలితాన్ని తిరిగి ఊరికి మోసుకొచ్చే ఫోను ఖర్చు తరువాత రాయబోయే జన్యు పరిశోధన గ్రాంటు దరఖాస్తులో మొదటి పేజీలోనే పడాలి. యంత్రం ఖరీదు రెండో పేజీలో రాసుకోవచ్చు.